అనంతగిరి మొరం బాటలపై సైకిలు వ్యాయామం

యాభై దాటినవారు సైకిలు తొక్కవచ్చునా, మోకాళ్లు అరిగిపోవా అని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. చదునైన తారురోడ్డు విషయమైతే సమాధానం సులభమే. కాని నగరాలలోని మధ్యవయస్కులు పలువురు ఇప్పుడు వెడల్పాటి టైర్ల సైకిళ్లు కొని, ఊళ్ల నడుమ ఉన్న కంకరబాటలను, మొరం బాటలను వెదకికొని మరీ వెళుతున్నారు. దీనిని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. నాకు అరవై ఆరేళ్లు. మా అబ్బాయి అటువంటి సైకిలు కొనిపెట్టిన నాటినుండి, అంటే 2022 నుండి, నేనూ ఈ బాటలు తిరుగుతున్నాను. కనుక శాస్త్రం చెప్పినదానితోపాటు నా అనుభవాన్ని, అందులో నేను చేసిన ఒక పొరపాటును కూడా పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అనంతగిరి గుట్టలకు నన్ను మొదట తీసుకువెళ్లినవారు మా గురువుగారు. అది 1977. భుజాన గుడ్డసంచి, కాళ్లకు చెప్పులు లేవు. సుగంధిపాల తీగను వేరు వాసన చూసి గుర్తుపట్టడం, తంగేడు పూవును ఏ వేళ కోయాలో తెలుసుకోవడం ఆ గుట్టలమీదే నేర్చుకున్నాను. మూసీనది పుట్టినచోటు ఇదేనని చెప్పి, ఆయన దోసిలితో నీరు తీసి తలపై చల్లుకున్నారు. నిజాము కాలంలో క్షయరోగులకు ఇక్కడ ఆరోగ్యనిలయం కట్టించినది ఈ గాలి మంచిదనే. వైద్యవిద్యార్థులం కనుక ఆ భవనాలను ఎంతో గౌరవంగా చూసేవాళ్లం.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఈ గుట్టలు అగ్నిశిలలతో ఏర్పడినవి. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రిందట భూమి నెర్రెలు విచ్చి, వాటిలోనుండి లావా పొరలు పొరలుగా పారి దక్కను పీఠభూమిలో అధికభాగాన్ని కప్పివేసింది. శిఖరమున్న అగ్నిపర్వతం పేలడం కాదు, పాలు పొంగి పొయ్యి చుట్టూ పారినట్లు పారడం. ఆ ప్రవాహపు తూర్పు అంచులలో వికారాబాదు ప్రాంతం ఒకటి. హైదరాబాదు నుండి వచ్చేవారికి ఈ మార్పు కంటికే కనిపిస్తుంది. నగరం చుట్టూ గుండ్రని గ్రానైటు బండలు. చేవెళ్ల దాటి మరికొంత దూరం పోయేసరికి బండలు మాయమై, పైభాగం బల్లపరుపుగా ఉన్న గుట్టలు, నల్లరేగడి చేలు మొదలవుతాయి. గుట్టల నెత్తిన మాత్రం నేల ఎర్రన. నల్లని లావారాయి ఎండకు, వానకు యుగాలపాటు నాని, ఇనుము మిగిలి, రంధ్రాలతో కూడిన ఎర్రరాయిగా మారింది. లాటరైటు అంటారు. మన మొరం దాని పొడే.

సైకిలువారికి ఈ భేదం తెలియడం అవసరం. ఎర్రమొరం గట్టిపడి చక్కని బాట అవుతుంది, వాన వెలిసిన మర్నాటికే ఆరుతుంది. నల్లరేగడి అలా కాదు. తడిసినదా, చక్రానికి, బ్రేకుకు మధ్య చేరి బండిని కదలనివ్వదు. ఆ బురదలో సైకిలును భుజాన వేసుకొని కిలోమీటరు నడిచినవాడిని నేను. వ్యాయామం చలికాలంలోను, వసంతంలోను అర్ధశక్తితో చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా స్వల్పంగానే చేయాలని అష్టాంగహృదయంలో వాగ్భటుడు విధించాడు. ఈ గుట్టల నేల కూడా అదే నియమం పెడుతున్నదనిపిస్తుంది. కార్తీకం నుండి ఫాల్గుణం వరకే ఇక్కడికి రండి.

మేము సాధారణంగా కారు వెనుక సైకిళ్లు కట్టుకొని వికారాబాదు చేరి, అనంతగిరి ఎక్కి, పద్మనాభస్వామిని దర్శించి, ధారూరు వైపు దిగి, కోట్‌పల్లి జలాశయం వరకు వెళతాం. రానుపోను సుమారు యాభై కిలోమీటర్లు. వీలున్నచోటల్లా తారురోడ్డు విడిచి, కందిచేల గట్ల ప్రక్కనున్న బండ్లబాటలు పట్టుకుంటాం. ఇక్కడినుండి పడమటికి పోతే తాండూరు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి గృహిణులకు తెలిసే ఉంటుంది. దామగుండం అడవిబాటలు కూడా సైకిలువారికి ప్రీతిపాత్రమైనవే. అయితే 2024 అక్టోబరులో అక్కడ నౌకాదళ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ప్రవేశం సంగతి ముందుగా విచారించుకోకుండా అటు వెళ్లవద్దు.

ఇక దేహం మాట. ఏనుగు, గుర్రం, రథం ఎక్కి అతిగా తిరగడం వాతప్రకోపానికి కారణమని సుశ్రుతుడు పేర్కొన్నాడు. ఎడతెగని కుదుపు వాతాన్ని కదిలిస్తుంది. మొరం బాటమీద రెండు గంటలు తొక్కిన తరువాత చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కితే దానికి కారణం అరచేతి అంచున ఉన్న నరం హ్యాండిలుకు నొక్కుకొనడమే. పిడికిలి బిగించవద్దు. మోచేతులు కొద్దిగా వంచి, చేతుల స్థానం తరచుగా మార్చుకోవాలి. టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళానికి తగ్గరాదు. గాలి రాయిలా గట్టిగా నింపరాదు. సగం కుదుపును ఆ గాలే మింగుతుంది. మూత్రవేగాన్ని ఆపుకొని తొక్కేవారు, ముఖ్యంగా స్త్రీలు, పలువురు ఉన్నారు. అది మంచిది కాదు.

ఇంటికి వచ్చిన తరువాత నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి, అరచేతులకు, ముంజేతులకు, నడుముకు, మోకాళ్లకు, అరికాళ్లకు మర్దన చేసి, అరగంట ఆగి, పెసరపిండితో నలిచి వేడినీటి స్నానం చేయవలెను. సీటు ఒరిపిడివల్ల తొడలు కందితే శుభ్రపరచి, తడి లేకుండా తుడిచి, కొబ్బరినూనె రాయవలెను. చీము పట్టిన కురుపైతే మానేవరకు సైకిలు ముట్టవద్దు. త్రాగుటకు పల్చని మజ్జిగలో దంచిన జీలకర్ర, అల్లం, చిటికెడు ఉప్పు కలిపి సీసాలో పోసుకొనవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానవచ్చు. ఎక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు కలిగినవారు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే హృద్రోగ నిపుణుని చూడాలి.

అర్ధశక్తి అంటే ఎంత? ఊపిరి నోటికి ఎక్కినప్పుడు సగం బలం ఖర్చయినట్లని సుశ్రుతుని లెక్క. నుదుట, ముక్కున, చంకలలో, కీళ్లలో చెమట పుట్టడం, నోరు ఎండడం గుర్తులని పెద్దలు చెబుతారు. వ్యాయామం విడువవలసినవారిలో వాగ్భటుడు వృద్ధుణ్ణి కూడా చేర్చాడు. నేను దానిని అర్ధంలో అర్ధం అని అన్వయించుకున్నాను. గురువుగారు ఉండి ఉంటే ఒప్పుకునేవారో లేదో!

ఈ గుర్తులే నన్ను ఒకనాడు మోసగించాయి. 2023 డిసెంబరు చివర. నాతో వచ్చినాయన మా వీధివాడే, బ్యాంకు ఉద్యోగి, యాభై రెండేళ్లు. మధుమేహానికి మాత్రలు వాడుతున్నాడు. వ్యాయామం లఘుకోష్ఠంతో చేయాలని ముందురోజు నేనే చెప్పాను. ఆయన అక్షరాలా పాటించి, మాత్ర వేసుకొని, టీ మాత్రం త్రాగి వచ్చాడు. కోట్‌పల్లి చూసి తిరిగి వస్తుండగా, తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఆయన మాట తగ్గింది. నుదుట చెమట. అర్ధశక్తి వచ్చిందని తలచి, "నెమ్మదిగా తొక్కండి" అన్నాను. మరికొంత దూరం పోయాక, "ధారూరు ఎంత దూరం?" అని అడిగితే, "ఇంట్లో తాళంచెవి ఉంది" అన్నాడు. దిగి నుదురు తాకాను. మంచులా చల్లగా ఉంది. వ్రేళ్లు వణుకుతున్నాయి. అది శ్రమవల్ల పుట్టిన చెమట కాదు, రక్తంలో చక్కెర పడిపోయినప్పటి చెమట. నా సంచిలో మజ్జిగ, అల్లం, తైలం అన్నీ ఉన్నాయి, చక్కెర లేదు.

ప్రక్క చేలో కంది కోస్తున్న ఒక తల్లి పరుగున వచ్చింది. "ఏమైంది సారూ, ఎండదెబ్బనా?" అన్నది. చెబితే, టీ కోసం తెచ్చుకున్న చక్కెర పొట్లం విప్పింది. మూడు చెంచాలు నీటిలో కలిపి, గుక్కగుక్కగా త్రాగించాను. పావుగంట ఆగి మరోసారి ఇచ్చాను. అప్పటికి కళ్లలో తెలివి వచ్చింది. ఆమె తన జొన్నరొట్టెలో సగం త్రుంచి, "గిట్ల ఏం తినకుంట ఎట్లొచ్చిండ్రు?" అని ఆయననే మందలించింది. తప్పు ఆయనది కాదని నేను చెప్పాను. తరువాత ఆటోమీద సైకిళ్లు వేసుకొని వికారాబాదు చేరాం. ఆయన తన వైద్యుని చూడగా, ఆయన మాత్రల మోతాదు మార్చాడు.

లఘుకోష్ఠమన్నది నిండుకడుపుతో శ్రమపడవద్దని చెప్పిన మాట. చక్కెరను తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి దానిని పస్తు అని అర్థమయ్యేలా చెప్పడం నా లోపం. వీరు బయలుదేరే ముందు తమ వైద్యుని అడిగి మోతాదు సరిచూసుకోవాలి, స్వయంగా మందు మానరాదు. గంట ముందు రెండు ఇడ్లీలో, కొద్దిగా ఉప్మానో తినాలి. జేబులో చక్కెర పొట్లం ఉండాలి, సంచిలో కాదు. ఒంటరిగా వెళ్లరాదు. వెంటవెళ్లేవారికి రోగం సంగతి ముందే తెలియాలి. చల్లని చెమట, వణుకు, పొంతనలేని మాట కనిపిస్తే సైకిలు దింపి చక్కెరనీరు ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట ఏదీ పోయరాదు. ప్రక్కకు పడుకోబెట్టి, 108కు ఫోను చేయాలి.

ఫిబ్రవరిలో మేమిద్దరం మళ్లీ వెళ్లాం. వికారాబాదులో ఆయన ఉప్మా తినేవరకు నేను సైకిలు దింపలేదు. ఆ కందిచేను కోత అయిపోయి మోళ్లు మాత్రం ఉన్నాయి. ఆ తల్లి ఇల్లు వెదకి, చక్కెర రెండు కిలోలు, టీపొడి ఇచ్చాం. ఆమె నవ్వి, "ఇయ్యాల తిని వచ్చిండ్రా?" అని అడిగింది. కోట్‌పల్లి వరకు వెళ్లకుండా అక్కడినుండే వెనుదిరిగాం.