లక్షల సైకిలుకు మిల్లీమీటర్ల లెక్క

తిరుమలగిరి: పాలడబ్బాలు తగిలించుకొని ఊరూరా తిరిగే పాతకాలపు సైకిలు టైరును దగ్గరగా పరిశీలిస్తే దాని పక్క భాగంపై 28 × 1½ అన్న అంకెలు కనిపిస్తాయి. అంతర్జాతీయ కొలతల్లో దీనినే 40-635 అని వ్యవహరిస్తారు. అనగా టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. పందేల కోసం రూపొందించిన రోడ్డు సైకిళ్లు మాత్రం 2000 దశకంలో 23 మి.మీ. టైరుతోనే పరుగెత్తేవి. అవి క్రమంగా 25కు, 28కి, 32కు పెరిగాయి. దూరప్రయాణాలకు ఉద్దేశించిన కొన్ని ఖరీదైన మోడళ్లలో నేడు 38 నుంచి 40 మి.మీ. టైరు సైతం పడుతోంది. పాలవ్యాపారి సైకిలు ఏనాడో ఉన్నచోటికి లక్షల రూపాయల సైకిలు ఇన్నేళ్లకు వచ్చి చేరిందన్నమాట.

ఈ లెక్క ఇక్కడి పాఠకులకు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ వ్యాయామం కోసం ఇలాంటి సైకిళ్లు కొంటున్న యువకుల్లో మన ప్రాంతం వారూ ఉన్నారు. నగర శివారులో బాహ్యవలయ రహదారి వెంట సౌరఫలకాల పైకప్పుతో నిర్మించిన 23 కి.మీ. సైకిల్‌ ట్రాక్‌ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అలాంటి నున్నని బాటపై ఏ టైరైనా నడుస్తుంది. అదే సైకిలును పండుగకు సొంతూరికి తెచ్చి, సూర్యాపేట-జనగామ రహదారి మీదుగా తిరుమలగిరి చేరి, అటు నుంచి ఫణిగిరి బౌద్ధక్షేత్రం చూసివద్దామని ఊరి దారి పట్టినప్పుడు కష్టం తెలిసివస్తుంది. నాట్ల కాలంలో ట్రాక్టర్ల కేజ్‌వీల్స్‌ తారురోడ్డుపై అడ్డంగా గాట్లు పెడతాయి. పొలం మట్టి చక్రాలతోపాటు రోడ్డెక్కుతుంది. కోతల కాలంలో సగం రోడ్డు వడ్ల కుప్పలకు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లకు పోగా మిగిలిన అంచు వెంటే సైకిలు సాగాలి. 23 మి.మీ. టైరుకు ఇది తగిన బాట కాదు.

ఖాళీ ఎంత.. టైరు అంత

వెడల్పాటి టైరు కొని బిగించుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ముందు చక్రం ఫోర్కు నడుమ, వెనుక చక్రం ఫ్రేము కడ్డీల నడుమ తిరుగుతుంది. ఆ నడుమ ఉన్న జాగాను బట్టే ఎంత వెడల్పు టైరు పడుతుందన్నది నిర్ణయమవుతుంది. దీనినే టైర్‌ క్లియరెన్స్‌ అంటారు. కార్బన్‌ ఫ్రేము అచ్చులో పోసినట్లు తయారవుతుంది గనుక తర్వాత దానిని సాగదీయడం, వంచడం కుదరదు. గేర్లు మార్చుకోవచ్చు, చక్రాలు, సీటు, హ్యాండిల్‌ మార్చుకోవచ్చు. ఈ జాగాను మాత్రం కొన్ననాడు ఎంత ఉంటే అంతే భరించాలి.

పాత రోడ్డు సైకిళ్లలో ఇరుకుతనానికి మరో కారణం బ్రేకు. రిమ్మును ఇరువైపులా నొక్కే బ్రేకు చేతులు టైరు మీదుగా వంగి దిగుతాయి. వాటి కింద పట్టే టైరు 25, మహా అయితే 28 మి.మీ. డిస్క్‌ బ్రేకు రాకతో పట్టు రిమ్మును వదిలి చక్రం మధ్యకు మారింది. అంతర్జాతీయ సైక్లింగ్‌ సమాఖ్య 2015లో పందేల్లో డిస్క్‌ బ్రేకులను ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2016లో కొంతకాలం నిలిపివేసి, 2018 జూలై నుంచి పూర్తిస్థాయిలో అంగీకరించింది. బ్రేకు అడ్డు తొలగాక తయారీదారులు ఫోర్కును, కడ్డీలను విశాలం చేయసాగారు. నేడు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా లభిస్తున్న రిమ్‌ బ్రేకు సైకిళ్లను చూసి ముచ్చటపడేవారు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి.

కొత్త ఏడాది.. కొత్త రంగు

దుకాణాల్లో తరచూ వినిపించే మాట ‘ఇది ఈ ఏడాది మోడల్‌’ అన్నది. విదేశీ కంపెనీలు రానున్న సంవత్సరపు మోడళ్లను అంతకుముందు ఏడాది మధ్యలోనే ప్రకటించడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. అయితే కార్బన్‌ ఫ్రేముకు సైజుకో అచ్చు చేయించాలి. అది భారీ ఖర్చు. అందువల్ల ఒక ఫ్రేము రూపకల్పన సాధారణంగా మూడు నాలుగేళ్లు కొనసాగుతుంది. నడుమ వచ్చే ఏటేటా మోడళ్లలో మారేవి చాలావరకు రంగులు, స్టిక్కర్లు, చక్రాలు, గేర్ల సెట్టు మాత్రమే. చీర అదే, అంచు వేరు. ధర మాత్రం వేలల్లో, ఒక్కోసారి లక్షకు పైగా తేడా చూపుతుంది.

ఫ్రేము నిజంగా మారినప్పుడు కూడా జాగా పెరుగుతుందన్న హామీ లేదు. స్పెషలైజ్డ్‌ కంపెనీ టార్మాక్‌ ఎస్‌ఎల్‌7ను 2020లో, ఎస్‌ఎల్‌8ను 2023లో విడుదల చేసింది. రెండింటికీ ప్రకటించిన గరిష్ఠ టైరు 32 మి.మీ. మాత్రమే. మూడేళ్లు ఆగి కొన్నవారికి బరువులోనో, గాలిని చీల్చే తీరులోనో మేలు జరిగి ఉండవచ్చు గానీ టైరు విషయంలో ఒక్క మిల్లీమీటరు కలిసిరాలేదు. అదే కంపెనీ రూబే మోడల్‌లో పరిస్థితి భిన్నం. 2019 నాటి ఫ్రేములో 33 మి.మీ. పడితే, 2023 నాటి ఫ్రేములో 40 మి.మీ. పడుతుంది. ట్రెక్‌ కంపెనీ డోమానే 2019లోనే 38 మి.మీ.కు చేరింది. కనుక సంవత్సరం అంకె చూసి కాక, ఆ ఫ్రేము ఏ తరానిదో, దానికి ఎంత టైరు ప్రకటించారో చూసి బేరమాడడం మేలు. తరం మారనప్పుడు తగ్గింపు ధరకు వచ్చే నిరుటి సైకిలే లాభసాటి. కోవిడ్‌ కాలపు గిరాకీ చూసి కంపెనీలు నిల్వలు పెంచుకోగా, ఆ తర్వాత గిరాకీ పడిపోయి ప్రపంచమంతటా పాత మోడళ్లపై భారీ తగ్గింపులు రావడం తెలిసిందే. సైకిళ్లపై జీఎస్టీ సైతం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

వెడల్పు పెరిగితే వేగం తగ్గదా?

సన్నని టైరులో గాలి దట్టంగా నింపితేనే వేగమన్నది చాలాకాలం చలామణి అయిన నమ్మకం. ప్రయోగశాలలో నున్నని ఉక్కు డ్రమ్ముపై తిప్పి చూసినప్పుడు అది నిజమే అనిపించేది. రోడ్డు ఉక్కు డ్రమ్ము కాదు. వెనుక చక్రంపై 48 కిలోల భారం ఉందనుకుందాం. 100 పీఎస్‌ఐ గాలి ఉంటే నేలను తాకే టైరు భాగం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు, 70 పీఎస్‌ఐ ఉంటే సుమారు 10. గట్టిగా ఊదిన టైరు ప్రతి కంకరరాయికీ సైకిలును, మనిషిని కలిపి పైకి ఎగరేస్తుంది. ముందుకు సాగాల్సిన శక్తి అలా అదురులో వృథా అవుతుంది. మెత్తని టైరు ఆ రాయిని తనలో ఇముడ్చుకొని సాగిపోతుంది. టైరు వెడల్పుగా ఉంటేనే రిమ్ము నేలకు తగలకుండా గాలి తగ్గించుకునే వీలుంటుంది. ఫ్రాన్స్‌లో రాళ్లబాటలపై సాగే పారిస్‌-రూబే పందెంలో అగ్రశ్రేణి క్రీడాకారులే నేడు 30 మి.మీ. దాటిన టైర్లు వాడుతున్నారు. గంటకు 40 కి.మీ. దాటిన వేగంలో వెడల్పు టైరు కొంత గాలిని అడ్డగించే మాట నిజమే. ఉదయం పూట ఫణిగిరి దాకా వెళ్లివచ్చేవారికి ఆ బెంగ అక్కర్లేదు.

కొలిచి చూడడమే మార్గం

టైరుపై ముద్రించిన అంకెను గుడ్డిగా నమ్మరాదు. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే 28 అని రాసిన టైరు గాలి నింపాక 29, 30 మి.మీ. వరకు ఉబ్బుతుంది. వెడల్పుతోపాటు ఎత్తూ పెరుగుతుంది. అందుకే పక్కలనే కాక ఫోర్కు పైభాగాన సైతం జాగా చూడాలి. ఇరువైపులా 4 మి.మీ. ఖాళీ మిగిలేలా లెక్కించి గరిష్ఠ టైరును ప్రకటించడం చాలామంది తయారీదారుల పద్ధతి. దీనిని సరిచూడడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. గాలి నిండుగా నింపిన చక్రం వద్ద 4 మి.మీ. అలెన్‌ కీని టైరుకూ ఫ్రేముకూ నడుమ దూర్చి, చక్రాన్ని ఒక చుట్టు తిప్పాలి. కీ ఎక్కడా ఒరుసుకోకుంటే సరి. దుకాణంలో డబ్బు చెల్లించక ముందే ఈ పని చేయడంలో మొహమాటం అనవసరం.

ఆ నాలుగు మిల్లీమీటర్లు లేకుంటే ఏమవుతుంది? ఒక పుల్ల విరిగితే చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు వంకరపోయి టైరు ఫ్రేమును ఒరుసుకుంటుంది. టైరుకు అంటిన ఇసుక, ఇరుక్కున్న చిన్న రాయి ఆకురాయిలా పనిచేసి కార్బన్‌ పొరలను అరగదీస్తాయి. కోత లోతుగా దిగితే లక్షల ఫ్రేము పనికిరాకుండా పోతుంది. ఇక వానాకాలంలో రేగడి మట్టి ఫోర్కు కింద పేరుకుపోతే ముందు చక్రం ఉన్నపళంగా పట్టేసి, తొక్కేవాడు హ్యాండిల్‌ మీదుగా ముందుకు పడే ప్రమాదమూ ఉంది.

టైరు మార్చినవారు హ్యాండిల్‌పై ఉండే మీటరునూ సరిచేసుకోవాలి. 23 మి.మీ. టైరు చుట్టుకొలత 2,096 మి.మీ. కాగా 32 మి.మీ. టైరుది 2,155 మి.మీ. మీటరును మార్చకుంటే 100 కి.మీ. తొక్కినా 97 కి.మీ. చిల్లరే చూపిస్తుంది.

తుమ్మ ముళ్లకు పేరుపడ్డ ఈ దారుల్లో ట్యూబు సంగతి మరవరాదు. రోడ్డు సైకిలు రిమ్ముకు ఉండే రంధ్రం సన్నని ప్రెస్టా వాల్వుకు సరిపడే 6.5 మి.మీ. మాత్రమే. మండల కేంద్రాల్లో హైబ్రిడ్‌ సైకిళ్లకు అమ్మే 700 ట్యూబు కొలత కలిసినా, దాని లావుపాటి వాల్వుకు సుమారు 8.5 మి.మీ. రంధ్రం కావాలి. కనుక సన్న వాల్వు ట్యూబులు రెండు, చేతి పంపు ఒకటి వెంట తెచ్చుకోవడం అవసరం. పంక్చరు దుకాణంలోని కంప్రెసర్‌తో గాలి పట్టించాలంటే వాల్వుకు బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్‌ కూడా జేబులో ఉండాలి.