పరిసీనా, మన చిత్రాంగి

ఆదివారం తెలుగు తరగతిలో చిన్నప్పుడు సారంగధరుని కథ విన్నవారికి చిత్రాంగి పేరు చెబితే ఇప్పటికీ భయమే. మాకూ అంతే. ఆ భయం కొంత వదిలింది ఒక ఇటలీ సంగీత నాటకం రికార్డింగు విన్న తరువాత. దాని పేరు 'పరిసీనా'. ఇటలీవారు సంగీత నాటకాన్ని ఆపెరా అంటారు. మన పద్య నాటకంలో పద్యాల నడుమ వచనం ఉంటుంది. ఇందులో సంభాషణ కూడా పాటే.

దీనికి సంగీతం కూర్చినవారు పియెత్రో మస్కాన్యీ. 1890లో రోములో ప్రదర్శించిన 'కవల్లెరియా రుస్తికానా'తో ఆయనకు పేరు వచ్చింది. అది సిసిలీ పల్లెలోని ప్రేమ, అసూయ, కత్తిపోటు కథ. సామాన్యుల జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే ఆ ధోరణిని వెరిస్మో అన్నారు. 'పరిసీనా' మాత్రం రాజకోట కథ. దన్నుంజియో అనే కవి రాసి ఇచ్చారు. 1913 డిసెంబరు 15న మిలాన్‌లోని లా స్కాలాలో తొలి ప్రదర్శన జరిగింది. మరీ పొడుగైందని నాలుగో అంకాన్ని తరువాత తీసేశారు. ఇప్పుడు దీనిని ఆడేవారు అరుదు.

ఈ కథకు మూలం చరిత్రలో ఉంది. ఫెర్రారా ప్రభువు నికోలో 1418లో పరిసీనాను పెళ్ళాడాడు. అప్పుడు ఆమెకు సుమారు 14 ఏళ్ళు, ఆయనకు 35. ఆయన కొడుకు ఉగోది దాదాపు ఆమె వయసే. ఇద్దరూ ప్రేమలో పడ్డారు. 1425లో ప్రభువు ఇద్దరి తలలూ తీయించాడు.

ఇక మన కథ. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు, పడుచు రాణి చిత్రాంగి, ఆమె మేడపై వాలిన పావురం కోసం వెళ్ళిన సారంగధరుడు. అతడు ఆమె కోరికను కాదన్నాడు, ఆమె నింద వేసింది, రాజు కాళ్ళూ చేతులూ నరికించాడు. ఆ చోటని చెప్పే సారంగధర మెట్ట నేటికీ ఆ ఊళ్ళో ఉంది. రాజు చరిత్రలోనివాడే, నన్నయ గారిని పోషించినవాడే. కొడుకు కథ మాత్రం కవుల కల్పనే. దీనిని బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 'విషాద సారంగధర' నాటకంగా రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని దానికి పేరు. 1957 సినిమాలో చిత్రాంగి వేషం భానుమతి గారిది.

తేడా ఒక్కటే, కాని పెద్దది. ఉగో ప్రేమించాడు, సారంగధరుడు ప్రేమించలేదు. అందుచేత మనవారి జాలి అంతా కొడుకుకే పోయింది. కొన్ని కథనాలలో చిత్రాంగికి మొదట చూపినది సారంగధరుని చిత్రపటమేనని ఉంది. కుర్రవాణ్ణి చూపి ముసలిరాజుకు కట్టబెట్టారన్నమాట! ఆమె వేసిన నిందను మేము సమర్థించడం లేదు. కాని ఆ పటం సంగతి మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. మేము పంతులమ్మలమయ్యాక కూడా చాలా ఏళ్ళు పిల్లలకు చెప్పలేదు.

మస్కాన్యీ తీసేసిన నాలుగో అంకం విన్నప్పుడు మాకు రత్నాంగి గుర్తుకొచ్చింది. చెరసాలలోకి ఉగో తల్లి స్తెల్లా వస్తుంది. నికోలో ఆమెను ఎప్పుడో విడిచిపెట్టాడు. ఇప్పుడు కొడుకూ దక్కడు. అతని మనసు పరిసీనాతో చావడానికే సిద్ధమై ఉంది. పొడుగైతే వేట పాటలు తగ్గించుకోవలసింది, ఆ తల్లిని తీసేశారు.