ధ్వనిముద్రణము - సంఖ్యారూపము

తాళపత్రమునకు ప్రతి వ్రాయు లేఖకుడు విడిచిన యక్షరమును, మూలము నశించినచో, మరల పొందజాలము. టేపులందలి ధ్వనిని డిజిటల్ రూపమునకు మార్చుటయు నిట్టి ప్రతిలేఖనమే.

టేపుపై అయస్కాంతరూపమున నున్న తరంగము అవిచ్ఛిన్నమైనది. డిజిటల్ యంత్రము దానిని నియతక్షణములందు మాత్రమే కొలిచి, ప్రతి కొలతను ఒక సంఖ్యగా వ్రాయును. ఇందు మొదటి క్రియ ప్రతిచయనము. రెండవది కొలతను సమీపపు మెట్టునకు చేర్చు పరిమాణీకరణము. ద్విసంఖ్యామానమున 16 స్థానములు, అనగా 16 బిట్లు, ఉన్నచో 65,536 మెట్లు లభించును. మెట్లు తగ్గినకొలది సవరణదోషము రొదగా వినవచ్చును.

సెకనుకు కొలతలెన్ని యుండవలెను? ధ్వనియందలి అత్యధిక పౌనఃపున్యమునకు రెండింతలు మించినచో, సంఖ్యలనుండియే తరంగమును సంపూర్ణముగా పునర్నిర్మింపవచ్చునని 1949లో క్లాడ్ షానన్ నిరూపించెను. కొలతలు తగ్గినచో కలుగునది లోపము మాత్రమే కాదు. సెకనుకు 8,000 సార్లు కొలిచినపుడు 6,000 హెర్ట్జ్‌ల ధ్వని 2,000 హెర్ట్జ్‌ల ధ్వనివలె నమోదగును. అందువలన అధిక పౌనఃపున్యములను ముందే వడపోయుదురు.

ఈ 8,000 కొలతలే సంప్రదాయ డిజిటల్ టెలిఫోను ప్రమాణము. సకారమునందలి శక్తి ప్రధానముగా 4,000 హెర్ట్జ్‌లకు పైనుండును గావున, వడపోతలో నది చాలవరకు పోవును. అట్టి ప్రతిని విని ఒక మాండలికమున స, శల భేదము లేదని నిర్ణయించుట, లేఖకుని పొరపాటును కవికి అంటగట్టుట వంటిది.

కావుననే అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారముల సంఘము కనీసము సెకనుకు 48,000 కొలతలను, 24 బిట్లను సూచించినది. ఉచ్చారణమును విచారించుటకు ముందు పరిశోధకుడు తన ప్రతి యెట్లు కొలువబడినదో విచారింపవలెను.