బొడ్డు ఉబ్బితే భయం వద్దు, అశ్రద్ధ అసలే వద్దు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెల్లో టీకాల రోజున తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "బాబు ఏడ్చినప్పుడల్లా బొడ్డు ఉబ్బుతుంది. పేగు బయటికొస్తదేమో?" అని. మరికొందరు స్త్రీలు తమ సంగతి చెప్పడానికి సిగ్గుపడి, అందరూ వెళ్ళిపోయాక మెల్లగా అంటారు: "రెండో కాన్పు తర్వాత నాకు బొడ్డు దగ్గర గడ్డ లేచింది. నాట్లు వేసి వచ్చిన రోజు మరీ పెద్దగ అయితది. ఏం చేయాలె?"

ఈ రెండింటికీ పేరు ఒక్కటే. దీనిని బొడ్డు హెర్నియా అంటారు. పేరు ఒక్కటే అయినా పసిపిల్లల్లో దాని నడక వేరు, పెద్దల్లో దాని నడక వేరు. ఈ తేడా తెలియక కొందరు పిల్లల విషయంలో అనవసరంగా భయపడతారు. పెద్దల విషయంలో అవసరమైనంత జాగ్రత్త పడరు. కావున భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ నాలుగు మాటలు చదవండి. చదవడం రాని వారికి చదివి వినిపించండి.

బొడ్డు హెర్నియా అంటే ఏమిటి?

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందేది బొడ్డు తాడు ద్వారానే. ఆ తాడులోని రక్తనాళాలు బిడ్డ పొట్ట గోడలో ఉన్న ఒక చిన్న గుండ్రని సందు గుండా లోపలికి పోతాయి. కాన్పు అయి బొడ్డు కోసిన తరువాత ఆ నాళాలు ఎండిపోతాయి, ఆ సందు క్రమంగా మూసుకుపోతుంది. కొందరిలో అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు ఏడ్చినా, దగ్గినా, ముక్కినా లోపలి కొవ్వు గానీ, పేగు మడత గానీ ఆ సందులోంచి ముందుకు తోసుకొని వచ్చి, చర్మం కింద బుడగలాగా కనిపిస్తుంది.

ధాన్యం బస్తాకు కుట్టు ఊడిన చోటు ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే. బస్తాను ఒత్తితే అక్కడే గింజలు తోసుకొస్తాయి. పైన గోనె ముక్క అడ్డం పెట్టి పట్టుకుంటే కాసేపు ఆగుతాయి గానీ రంధ్రం పూడదు. కుట్టు వేస్తేనే పూడుతుంది.

బొడ్డు సరిగా కోయలేదనో, ముడి సరిగా వేయలేదనో ఎవరినీ తిట్టవద్దు. బొడ్డు కోసిన తీరుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. నెలలు నిండక ముందే పుట్టిన పిల్లల్లో, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది.

పసిపిల్లలకు వస్తే

తల్లులారా, ధైర్యంగా ఉండండి. చాలామంది పిల్లల్లో ఈ సందు తనంతట తానే మూసుకుపోతుంది. ఎక్కువ మందికి రెండేళ్ళ లోపు, మిగిలిన వారిలో చాలామందికి నాలుగైదేళ్ళ లోపు సర్దుకుంటుంది. అంతవరకు చేయవలసింది కనిపెట్టి చూడటమే. బిడ్డ నిద్రపోయినప్పుడు ఉబ్బు లోపలికి పోతే, వేలితో మెల్లగా ఒత్తితే మెత్తగా సర్దుకుంటే భయం లేదు.

బొడ్డు మీద రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డతో బిగించి కట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. దీనివల్ల సందు త్వరగా మూసుకోదు. పైగా బిళ్ళ కింద చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది, పుండు పడుతుంది. పసరు, సున్నం, బూడిద, పేడ వంటివి బొడ్డుకు ఎన్నడూ పూయవద్దు. వాటివల్ల లేత చర్మానికి చీము పడుతుంది. కొత్తగా పుట్టిన బిడ్డకైతే ధనుర్వాతం వంటి ప్రాణాంతకమైన జబ్బు కూడా రావచ్చు. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు.

పిల్లలకు ఆపరేషన్ ఎప్పుడు అవసరం? నాలుగైదేళ్ళు దాటినా మూసుకోకపోతే, సందు మరీ పెద్దదిగా ఉండి తగ్గే సూచన లేకపోతే, లేదా పేగు ఎప్పుడైనా ఇరుక్కుంటే. అంగన్‌వాడీకి, బడికి వచ్చే వైద్య బృందానికి పిల్లవాణ్ణి చూపించండి. పిల్లలకు మత్తు ఇచ్చి, బొడ్డు కింది అంచున చిన్న కోత పెట్టి, సందును కుట్టివేస్తారు. సాధారణంగా అదే రోజు గానీ, మరునాడు గానీ ఇంటికి పంపిస్తారు.

పెద్దలకు వస్తే

పెద్దల్లో సంగతి వేరు. ఒకసారి వచ్చిన సందు తనంతట తాను మూసుకోదు. రోజులు గడిచేకొద్దీ పెద్దదవుతుంది. మందులతో, పసరుతో, బెల్టుతో నయం కాదు. బెల్టు కాసేపు ఆపి పెడుతుంది, అంతే.

ఇది పెద్దల్లో ఎందుకు వస్తుంది? పొట్ట లోపల ఒత్తిడి పెరగడమే కారణం. స్త్రీలకు ముఖ్య కారణం గర్భం. తొమ్మిది నెలలు పొట్ట గోడ సాగుతుంది. కాన్పు తరువాత అది గట్టిపడటానికి సమయం కావాలి. వెంట వెంటనే కాన్పులు వస్తే ఆ సమయం దొరకదు. ఒక కాన్పు తరువాత మళ్ళీ గర్భం ధరించడానికి కనీసం రెండేళ్ళు ఎడం ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి ఒంట్లో రక్తం పుంజుకోవడానికే కాదు, పొట్ట గోడ బలపడటానికీ ఆ ఎడం ఉపయోగం.

స్థూలకాయం, ఎడతెగని దగ్గు, మలబద్ధకంతో రోజూ ముక్కడం, కాలేయం చెడి పొట్టలో నీరు చేరడం కూడా కారణాలే. బీడీ, చుట్ట తాగి ఏళ్ళ తరబడి దగ్గే మగవారికి కూడా ఇది వస్తుంది. బస్తాలు మోసే హమాలీలు, పొలం పని చేసేవారు బరువెత్తినప్పుడు ఉన్న ఉబ్బు మరింత తోసుకొస్తుంది.

ఒక ఇంటి సంగతి

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల పొలం. ఇద్దరు పిల్లల తల్లి. రెండో కాన్పు తరువాత బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు. డాక్టరు చూసి "ఆపరేషన్ చేయించుకో" అన్నాడు. ఆమె "నాట్లు అయిపోనీ" అంది. ఆ తరువాత "కోతలు అయిపోనీ", ఆపైన "పెద్దగట్టు జాతర పోనీ" అంది. మూడేళ్ళు గడిచాయి.

ఒక రాత్రి ఆ ఉబ్బు రాయిలాగా గట్టిపడింది. ఒత్తితే లోపలికి పోలేదు. నొప్పి ఆగలేదు, వాంతులు మొదలయ్యాయి. అత్తగారు వాము నీళ్ళు తాగించింది, వేడి కాపడం పెట్టింది. తెల్లవారింది. దవాఖానకు చేరేసరికి ఇరుక్కున్న పేగుకు రక్తం అందక నల్లబడిపోయింది. ఆ ముక్క కోసి తీసివేసి పేగును కలపవలసి వచ్చింది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రావలసిన మనిషి ఎన్నో రోజులు మంచాన పడింది. ప్రాణం దక్కింది. రాత్రే బయలుదేరి ఉంటే ఆ పేగు కూడా దక్కేదేమో! మూడేళ్ళ కిందటే చేయించుకొని ఉంటే ఆ రాత్రే వచ్చేది కాదు.

ఈ గుర్తులు కనిపిస్తే క్షణం ఆగవద్దు

1. ఉబ్బు గట్టిపడి, పడుకున్నా, మెల్లగా ఒత్తినా లోపలికి పోకపోవడం.
2. ఉబ్బు దగ్గర తీవ్రమైన నొప్పి, చర్మం ఎర్రగా గానీ, నల్లగా గానీ మారడం.
3. వాంతులు, పొట్ట ఉబ్బరం, విరేచనం, గాలి బయటికి పోకపోవడం.
4. పసిబిడ్డయితే గుక్క పట్టి ఏడవడం, పాలు తాగకపోవడం, పచ్చని వాంతి.

వీటిలో ఏది కనిపించినా రాత్రి, పగలు అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. బలవంతంగా లోపలికి నెట్టవద్దు. కాపడం పెట్టవద్దు. విరేచనాల మందు వేయవద్దు. అన్నం, నీళ్ళు ఇవ్వవద్దు.

ఆపరేషన్ ఎట్లా చేస్తారు?

ముందుగా రక్తపరీక్షలు, బి.పి., షుగరు చూస్తారు. షుగరు ఎక్కువుంటే అదుపులోకి తెస్తారు. దగ్గు ఉంటే ముందు దానికి వైద్యం చేస్తారు. బీడీ మానమంటారు, ఎందుకంటే పొగ తాగేవారి గాయం త్వరగా మానదు. మత్తు ఇచ్చేముందు ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో డాక్టరు చెబుతారు. ఆ మాట తప్పవద్దు.

తరువాత పూర్తి మత్తు గానీ, వెన్నులో ఇచ్చే మత్తు గానీ ఇస్తారు. బయటికి వచ్చిన కొవ్వును, పేగును లోపలికి సర్ది సందును మూస్తారు. సందు చిన్నదైతే కుట్లు చాలు. ఒక సెంటీమీటరు, అంతకు మించి ఉంటే సాధారణంగా మెష్ అనే సన్నని వల ముక్కను అమర్చుతారు. అది ప్లాస్టిక్ దారంతో అల్లినది. మన ఒంటి కణజాలం ఆ వల కన్నుల్లోకి అల్లుకొని గోడలాగా గట్టిపడుతుంది. ఐరోపాలో 300 మంది మీద జరిపి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, కుట్లు మాత్రమే వేసిన వారిలో నూటికి 12 మందికి హెర్నియా తిరిగి వచ్చింది. వల వేసినవారిలో నూటికి నలుగురికే వచ్చింది. కొందరికి చిన్న రంధ్రాల గుండా గొట్టాలు పంపి చేసే లాప్రోస్కోపీ పద్ధతి కూడా సరిపోతుంది. ఏ పద్ధతి అన్నది సందు కొలతను, మనిషిని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు.

ప్రతి ఆపరేషన్‌కూ కొంత ఇబ్బంది ఉంటుంది. గాయం దగ్గర నీరు చేరవచ్చు, చీము పట్టవచ్చు, కొద్దిమందికి తిరిగి రావచ్చు. జ్వరం, గాయం నుంచి చీము, పెరిగే నొప్పి కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి.

ఆపరేషన్ తరువాత అదే రోజు లేచి నడవవచ్చు. నడవడం మంచిదే. కాని నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తరాదు. నీళ్ళ బిందె, ఎరువు బస్తా, గడ్డి మోపు అన్నీ బరువులే! అందుకని కాలం చూసుకోండి. నాట్లు ముగిసిన తరువాత, కోతలు మొదలయ్యే లోపు చేయించుకుంటే పని చెడదు, మనిషి కోలుకుంటుంది. ఆ వారాలు ఇంటి పని భర్త, అత్తగారు, ఆడబిడ్డ పంచుకోవాలి.

దంపతులు అడిగే ప్రశ్నలు

హెర్నియా ఆపరేషన్ చేయించుకుంటే పిల్లలు పుట్టరా?

పుడతారు. ఇది పొట్ట గోడకు చేసేదే గాని గర్భసంచికి చేసేది కాదు. అయితే మళ్ళీ గర్భం వస్తే సాగిన పొట్ట గోడలో హెర్నియా తిరిగి రావచ్చు. కనుక ఇంకా బిడ్డ కావాలనుకునేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. బాధ లేకపోతే కాన్పులు ముగిసే వరకు ఆగమని చెప్పవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు పేగు ఇరుక్కుంటే మాత్రం ఆగేది లేదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్లనే బొడ్డు ఉబ్బుతుందని అంటారు, నిజమా?

గర్భాల వల్ల వచ్చిన ఉబ్బునే చాలామంది ఆపరేషన్ మీదికి నెడుతుంటారు. ట్యూబెక్టమీ కోత బొడ్డు కింద పెడితే, ఆ కుట్టు దగ్గర హెర్నియా రావడం అరుదుగా జరుగుతుంది. కుట్టు చోట ఉబ్బు కనిపిస్తే దాచుకోక చూపించుకోండి.

హెర్నియా ఉన్న స్త్రీ ట్యూబెక్టమీ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. వీలైతే రెండూ ఒకేసారి చేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందుకు తగిన సర్జను, మత్తు డాక్టరు ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి. కనుక పరీక్ష చేసే రోజునే "నాకు బొడ్డు దగ్గర ఉబ్బు ఉంది" అని చెప్పండి. ఇక పిల్లలు వద్దనుకునే దంపతులకు మరో దారి కూడా ఉంది. భర్త వేసక్టమీ చేయించుకోవచ్చు. అది చిన్న ఆపరేషన్, పొట్ట కోయనవసరం లేదు, మగతనం తగ్గదు. మూడు నెలల వరకు మాత్రం వేరే పద్ధతి పాటించి, తరువాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. ఏది చేయించుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం. ఎవరి బలవంతమూ ఉండరాదు.

కాపురానికి అడ్డమా?

కాదు. గాయం మాని నొప్పి తగ్గాక మామూలుగా ఉండవచ్చు. ఎప్పటి నుంచి అన్నది కుట్లు చూపించుకునే రోజున సిగ్గుపడక అడగండి.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకు గానీ, ఏ.ఎన్.ఎం.కు గానీ చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. అక్కడి నుంచి కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రులకు గానీ, 2019లో వైద్య కళాశాల మొదలైన సూర్యాపేటలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి గానీ పంపుతారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఆరోగ్యశ్రీ సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. అప్పు చేసే ముందు ఆ మాట అడగడం మరువవద్దు.

గుర్తుంచుకోండి

పసిబిడ్డ బొడ్డు ఉబ్బితే కనిపెట్టి చూడండి, బిళ్ళ కట్టవద్దు.
పెద్దల బొడ్డు ఉబ్బితే డాక్టరుకు చూపించండి, ఏళ్ళ తరబడి దాచవద్దు.
గట్టిపడి, నొప్పితో వాంతులైతే అప్పుడే బయలుదేరండి, తెల్లవారేదాకా చూడవద్దు.
కాన్పుకూ కాన్పుకూ ఎడం ఉంచండి.

ఇంటిల్లిపాదికీ వండి పెట్టే తల్లి తన నొప్పిని చివరికి నెట్టుకుంటుంది. ఈ సాయంత్రం ఆమెను ఒక్క మాట అడగండి: "నీ ఒంట్లో ఎట్లున్నది?" అని.