అరిగిన వేలికి కన్ను సాక్ష్యం

పాలమూరు లేబర్ పార పట్టని పెద్ద ప్రాజెక్టు దేశంలో అరుదు. రాయి, మట్టి, సిమెంటు పనిలో ముందుగా అరిగేవి వేలికొనల మీది గీతలే. "ముద్ర పడ్తలేదు, గట్టిగ ఒత్తు" అని రేషన్ డీలర్ అనేది ఇలాంటి చేతులవాళ్లనే.

ఉపాధి హామీ కూలీల దగ్గరికి వేలిముద్ర చూసే యంత్రం మొదట స్మార్ట్‌కార్డుతో వచ్చింది. 2010లో నల్లగొండ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీ తీసి తేల్చారు. ఆ మండలాలను మిగతావాటితో పోల్చిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఉపాధి డబ్బు పక్కదారి పట్టడం 41 శాతం తగ్గిందని లెక్కగట్టారు. కూలి కూడా తొందరగా చేతికందింది. మరి ముద్రే పడనివాళ్ల మాటేమిటి?

ఆధార్ అందుకే పది వేళ్లతో పాటు రెండు కళ్లు, ముఖం కూడా తీసుకుంది. వేలిముద్రలో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్నది యంత్రం చూస్తుంది. కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ అల్లికను 2048 సున్నాలు, ఒకట్లుగా మార్చే పద్ధతి కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్‌ది. ఇద్దరి కళ్లను పోలిస్తే దాదాపు సగం అంకెలు తేడా వస్తాయి. ఒకే కన్నయితే తేడా చాలా తక్కువ.

అసలు పని ఆ తర్వాతే. వేలికి ఒక మార్కు, కంటికి ఒక మార్కు పడతాయి. పంచాయితీలో పెద్దమనిషి సాక్షుల మాటలను తూచినట్టు, వేలిగుర్తు మసకగా ఉంటే కంటికి ఎక్కువ విలువివ్వాలి. ఎంత ఎక్కువ అన్నది యంత్రం వేలాది పాత జతలను చూసి నేర్చుకుంటుంది. ఆధార్ నమోదులో ఇలా వేలూ కన్నూ కలిపి 8.4 కోట్ల మంది వివరాలతో పోల్చినప్పుడు కొత్తవాళ్లను "పాతవాళ్లే" అని పొరబడ్డది 0.057 శాతమేనని 2012లో ఆధార్ సంస్థ ప్రకటించింది.

మోసగాళ్లూ ఊరుకోలేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసిన సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. 2023లో ఆధార్ సంస్థ గీతల గుర్తులనూ వేలి చిత్రాన్నీ కలిపి చూసి, అది బతికున్న వేలేనా అని తేల్చే పద్ధతి తెచ్చింది.

రేషన్ షాపులో "వేలు పడకపోతే కన్ను" అనడం నిజానికి కలిపి చూడటం కాదు, ఒకటి పోతే ఇంకొకటి. అయినా కూలీకి బియ్యం దక్కించేది ఆ వెసులుబాటే. బొటనవేలు పడకపోతే వెనక్కి రాకండి. ఆధార్‌లో పది వేళ్లూ ఉన్నాయి. ఇంకో వేలు పెడతానని, అదీ పడకపోతే ఐరిస్ తీయమని అడగండి.