మీకు తెలుసా? ఊడిన పన్ను పాలల్లో బతుకుతుంది!

కబడ్డీ ఆడుతూ పడ్డ పిల్లాడి ముందు పన్ను వేరుతో సహా ఊడిందా? పారేయకండి, శాశ్వత పన్నైతే దాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు. వేరు మీద సజీవ కణాల పొర ఉంటుంది. గాలికి ఆరితే ఆ కణాలు అరగంటకే చావడం మొదలై, గంట దాటేసరికి దాదాపు ఏమీ మిగలదు.

ఉట్నూరు, నార్నూరు గూడేల నుంచి ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రికి చేరడానికే గంట దాటుతుంది. అందుకే మొదటి చికిత్స మన చేతుల్లోనే ఉంది. పన్నును తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి, వేరును తాకొద్దు. మట్టి అంటితే క్షణకాలం కడిగి అదే గుంటలో పెట్టి, మెత్తటి గుడ్డను కొరికి పట్టుకోమనండి. భయమేస్తే చల్లటి పాలలో వేసి తీసుకెళ్లండి. కరీంనగర్ డెయిరీ ప్యాకెట్టయినా, ఇంటి పాలయినా సరే. నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు, కణాలు ఉబ్బి చనిపోతాయి.

ఊడింది పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు, కింద మొలకెత్తే శాశ్వత పన్ను దెబ్బతింటుంది. డాక్టరుకు చూపిస్తే చాలు. దెబ్బ తర్వాత వాంతులైనా, స్పృహ తప్పినా పన్ను సంగతి తర్వాత; వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక పిప్పి పన్ను నొప్పికి చిగురు మీద ఆస్పిరిన్ మాత్ర పెట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానండి, అది చిగురును కాలుస్తుంది. చెంప వాచి జ్వరం వస్తే, రాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పళ్లు పిప్పి పట్టకుండా పిల్లలకు రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోమించండి. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత చాలు.