బ్రిటనులో ఇల్లాలి ఆస్తియు, పన్ను లెక్కయు

పన్ను అనగానే "అది మగవారి వ్యవహారము" అని కాగితమును మడిచి పక్కన బెట్టుట మన ఇండ్లలో తరతరముల అలవాటు. బ్రిటనులో కాపురముండు తెలుగు కుటుంబములలో సయితము ఈ అలవాటు పూర్తిగా పోలేదు. అచ్చట ఇల్లు కొనునపుడు దస్తావేజులో ఆలుమగల పేర్లు రెండును చేరవచ్చును. లెక్కలు మాత్రము ఒక్కరి చేతిలోనే యుండును. దీనివలన ఎట్టి చిక్కులు కలుగునో సోదరీమణులకు తెలుపుటకై మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన ధర్మశాస్త్రములు స్త్రీధనమును వేరుగా నెంచినవి. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఆ మాటకు మిగుల విశాలమైన అర్థమును చెప్పెను. ఆంగ్లేయుల పూర్వన్యాయమట్టిది కాదు. వివాహమైనంతనే భార్య సొమ్ము భర్తదగును. ఆమె భూములపై వచ్చు అద్దెయు అతని చేతికే పోవును. 1870, 1882 సంవత్సరముల చట్టములు ఈ అన్యాయమును మాన్పి, భార్య తన ఆస్తిని తానే అనుభవించునట్లు చేసినవి. ఆదాయపు పన్ను మాత్రము వెనుకటి దారినే నడచెను. 1799లో విలియం పిట్టు పెట్టిన ఆ పన్ను 1816లో రద్దై, 1842లో రాబర్టు పీలు కాలమున మరల వచ్చి నేటికిని నిలిచియున్నది. భర్తతో కూడియుండు భార్య ఆదాయమును అది భర్త ఆదాయముగానే లెక్కించెను. నడుమ కొన్ని వెసులుబాట్లు కలిగినను, అద్దెలవంటి రాబడి విషయమున ఈ నియమము 1990 ఏప్రిలు 6వ తేదీ వరకును చెల్లెను. ఆస్తి ఆమెదైన నూరేండ్లు దాటినగాని లెక్క ఆమెది కాలేదు.

ఇప్పుడు భార్య వేరు, భర్త వేరు. ఇద్దరి పేర నున్న ఇంటిపై అద్దె వచ్చినచో, ఆ ఆలుమగలు కలిసియున్నంత కాలము సాధారణముగా చెరిసగమని పన్నుల శాఖవారు ఎంతురు. అద్దె భర్త బ్యాంకి ఖాతాలోనే పడినను ఈ నియమము మారదు.

ఒక ఉదాహరణము చూతము. ఖర్చులు పోగా ఏటికి 10,000 పౌనుల అద్దె మిగిలినదనుకొందము. చెరి 5,000. భర్తకు ఉద్యోగమున 60,000 పౌనులు వచ్చుచున్నచో, 2025-26 నాటి ఇంగ్లండు రేట్లనుబట్టి అతని సగముపై నూటికి 40 చొప్పున 2,000 పౌనుల పన్ను పడును. భార్యకు వేరొక ఆదాయము లేనియెడల ఆమె సగముపై పన్నే లేదు. ఏలయన 12,570 పౌనుల వరకు ఆమెకు మినహాయింపు కలదు. మొత్తమును భర్త పేరనే చూపిన పక్షమున 4,000 పౌనులు చెల్లును. పైగా ఆ లెక్క తప్పులెక్కయే యగును.

పన్ను లేదని ఆమె ఊరకుండరాదు. ఖర్చులు పోగా తన వంతు అద్దె 2,500 పౌనులు మించినచో ఆమెయు లెక్క దాఖలు చేయవలెను. వారి పన్నుసంవత్సరము ఏప్రిలు 6న మొదలై మరుసటి ఏప్రిలు 5తో ముగియును. క్రొత్తగా లెక్క చెప్పువారు తరువాతి అక్టోబరు 5లోగా శాఖకు తెలుపవలెను. ఆన్‌లైనున దాఖలుచేయుటకు గడువు జనవరి 31. గడువు దాటిన, పన్ను లేకున్నను, 100 పౌనుల జరిమానా తప్పదు.

నిజముగా వాటాలు సమానము కానిచో, అనగా భార్యది ముప్పాతిక, భర్తది పాతిక యైనచో, ఆ సంగతిని రుజువుతో 17వ నెంబరు ఫారముపై తెలుపవచ్చును. సంతకములైన 60 దినములలో అది శాఖకు చేరవలెను. కాగితముపై వాటా మార్చి, సొమ్ము మునుపటివలె అనుభవించుట చెల్లదు.

అప్పుచేసి ఇల్లు కొన్నవారు మరియొకటి గమనింపవలెను. ఇంటి అప్పుపై వడ్డీని వెనుక అద్దెలోనుండి తీసివేసెడివారు. 2017 మొదలు దానిని క్రమముగా తగ్గించి, 2020 ఏప్రిలు నుండి పూర్తిగా మాన్పిరి. ఇప్పుడు పన్నులో, వడ్డీపై నూటికి 20 చొప్పున తగ్గింపు మాత్రమే కలదు. కావున పై అద్దెలో 8,000 వడ్డీకే పోయి 2,000 మిగిలినను, పన్ను కట్టుటకు ఆదాయము 10,000 గానే ఎంచబడును. చేతిలో మిగిలినది చూచి పన్నును అంచనా వేయరాదు.

ఇక వ్యాపారము. దుకాణము భార్య ఒక్కతెదైన లాభము ఆమెది. భాగస్వామ్యమైన ఎవరి వాటాకు వారు బాధ్యులు. భర్త దుకాణమున భార్యకు జీతము వ్రాసినచో, ఆమె నిజముగా పనిచేయవలెను, ఆ జీతము నిజముగా ఆమెకు ముట్టవలెను. దుకాణపు కట్టడముపై బిజినెస్ రేట్లు అను పన్ను వేరుగా కలదు. ఇంగ్లండులో ఒక్క దుకాణమే గలవారికి, దాని మదింపు విలువ 12,000 పౌనులు మించనిచో, ఆ పన్ను పూర్తిగా తొలగును. అయితే ఆ మినహాయింపునకై స్థానిక కౌన్సిలువారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా!

ఇందుకు గొప్ప చదువు అక్కరలేదు. పాలలెక్క, చాకలిపద్దు తప్పకుండ వ్రాయు ఇల్లాలికి ఇది అసాధ్యము కాదు. దస్తావేజులో తన వాటా ఎంతయో చదువుకొనవలెను. అద్దె రశీదులు, మరమ్మతుల బిల్లులు, బ్యాంకి వడ్డీ కాగితములు ఏడాదికొక కట్టగా కట్టి దాచవలెను. తన పేర దాఖలగు లెక్కను తాను చదువక సమ్మతింపరాదు. దైవికముగా భర్త మంచమెక్కిననాడు ఆ కట్టయే ఆమెకు అండ. సంతకము తనదైనప్పుడు బాధ్యతయు తనదే.